నలభై ఒక్క షీట్లు, మ్యాపు మీద ఒకే చుక్క

ఒక తుంగ మొక్క హైదరాబాద్ చెరువుల్లోంచి పూర్తిగా పోయిందని మా హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కలను దాచే చోటు, రికార్డులే చెప్పాయి. అది నిజమో కాదో తేల్చడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. మనుషుల పేర్లు, సంస్థ పేరు, కొన్ని కుంటల పేర్లు తీసేసి మిగతాదంతా రాస్తున్నాను. పాత షీట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న కాలేజీలు ఇప్పుడు మన దగ్గర చాలా ఉన్నాయి. మేం తప్పిన చోట వాళ్ళు తప్పకూడదని నా ఆశ.

నేపథ్యం

మాది ఒక పాత కాలేజీలో రెండు గదుల హెర్బేరియం. 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గట్టి కాగితానికి ఎండబెట్టిన మొక్కను కుట్టి, కుడివైపు కింది మూలన లేబుల్ అంటిస్తాం. ఎవరు తెచ్చారు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్నో నంబరు అనేవి ఆ లేబుల్ మీదే ఉంటాయి. లేబుల్ ఊడిపోతే మిగిలేది ఎండుగడ్డి. పాత షీట్లకు పురుగు పట్టకుండా ఒకప్పుడు మెర్క్యూరిక్ క్లోరైడ్ పూసేవారు. అది విషం కాబట్టి గ్లవ్స్ లేకుండా ఆ బీరువా తెరవనివ్వను.

మొక్క సంగతి చెప్పాలి. తుంగ అనగానే మనవాళ్ళకు ముస్తలు గుర్తొస్తాయి. పొలంలో ఎంత పీకినా మళ్ళీ మొలిచే సైపరస్ రొటండస్ అది. మా కేసు అదే కుటుంబంలోని ఇంకో మొక్క గురించి. తుంగజాతుల్లో చాలావాటికి కాడ మూడు పలకలుగా ఉంటే, దీనికి గుండ్రంగా ఉంటుంది. ఆకులు దాదాపు ఉండవు, అడుగున తొడుగులు మాత్రం కనిపిస్తాయి. కాడ లోపల బెండులా మెత్తగా ఉండి, మధ్యమధ్య అడ్డుగోడలు ఉంటాయి. వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కుతూ పైకి పోతే ఆ గోడలు ఒక్కొక్కటే వేలికి తగులుతాయి. ఎండాక అవే కాడ మీద అడ్డగీతలుగా తేలతాయి. పూల గుత్తి కాడ నడిమిలోనో ఇంకా కిందనో పక్కకు అతుక్కున్నట్టుంటుంది. నిజానికి కాడ అక్కడితో అయిపోతుంది. పైన నిటారుగా కనిపించేది గుత్తి కింది నుంచి లేచిన ఒక పత్రం. అది అచ్చం కాడలాగే ఉంటుంది కాబట్టి చూసినవాళ్ళు మోసపోతారు.

లిన్నేయస్ 1753లో దీనికి స్కిర్పస్ ఆర్టిక్యులేటస్ అని పేరు పెట్టాడు. 'ఆర్టిక్యులేటస్' అంటే కణుపులున్నది, ఆ అడ్డగీతలను చూసి పెట్టిన పేరే. స్కిర్పస్ అనే పెద్ద బుట్టను తరవాతి వాళ్ళు విడగొట్టినప్పుడు ఇది షీనోప్లెక్టస్‌లోకి వెళ్ళింది. 2003లో లై అనే శాస్త్రవేత్త దాన్నీ విడగొట్టడంతో షీనోప్లెక్టియెల్లా ఆర్టిక్యులేటా అయింది. అలా ఒకే మొక్కకు మా బీరువాలో మూడు పేర్ల కవర్లున్నాయి.

మన ప్రాంతపు తుంగల గురించి పాత పుస్తకాల్లో సమాచారం తక్కువ. దానికో కారణం ఉంది. తీరాంధ్ర మొక్కలను వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి 1780ల నుంచే నమోదు చేశాడు. 1915లో గాంబుల్ మొదలుపెట్టి, ఆయన పోయాక ఫిషర్ 1936కి పూర్తిచేసిన గ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీ కోసం రాసింది. నిజాం రాజ్యం ఆ ఎల్లకు బయటే ఉండిపోయింది. అందుకే మా దగ్గరున్న 1930ల నాటి షీట్లు నాకు ప్రాణం. ఆ కాలంలో ఈ నేల మీద ఏ తుంగ ఎక్కడ మొలిచిందో చెప్పే సాక్ష్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వచ్చిన చిక్కు

మేం షీట్లు ఫొటోలు తీయించి, లేబుళ్ళను టైప్ చేయించి, డేటాను డార్విన్ కోర్ అనే ఉమ్మడి పద్ధతిలో పెట్టి రెండేళ్ళయింది. ఒక పరిశోధక విద్యార్థిని ఆ డేటా దించుకుని ఒక మ్యాపుతో మా గదికి వచ్చింది. చెరువుల పునరుద్ధరణ మీద పనిచేస్తున్న ఒక బృందానికి ఆమె నివేదిక ఇవ్వాలి.

"మేడమ్, మీ దగ్గర ఈ మొక్క 41 రికార్డులుంటే అందులో 23 నడి ఊళ్ళోనే ఉన్నాయి. అన్నీ 1960కి ముందువే. 1985 తరవాత ఎక్కడా ఒక్కటి కూడా లేదు. పోయినట్టేగా?"

ఆ మాట ఆమె బాధతోనే అంది. పోయిన మొక్కను వేరే రాష్ట్రంలోని నర్సరీ నుంచి తెప్పించి చెరువు గట్టున నాటాలని ఆ బృందం అనుకుంటోందట. తొందర అక్కడి నుంచే వచ్చింది.

మ్యాపు చూడగానే నాకు అనుమానం వచ్చింది. ఆ 23 రికార్డులూ ఒకే చుక్క మీద ఉన్నాయి. అక్షాంశం 17.38, రేఖాంశం 78.48, నాలుగేసి దశాంశాల దాకా అన్నీ ఒకటే. ఇరవై ముప్పై ఏళ్ళలో వేర్వేరు మనుషులు తెచ్చిన నీటిమొక్క ఒకే అడుగు నేలలో మొలవదు. అది చెరువు చోటు కాదు, 'హైదరాబాద్' అనే మాటకు కంప్యూటర్ ఇచ్చిన చోటు. ఇంకో రెండు చుక్కలు సింధులో, అంటే పాకిస్తాన్‌లోని హైదరాబాద్‌లో పడ్డాయి. మిగిలిన 16 మాత్రం తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో వాటి వాటి చోట్ల సబబుగానే ఉన్నాయి.

తప్పు ఆ అమ్మాయిది కాదు. డేటా మాది, దశాంశాలను అంత నమ్మకంగా చూపించింది మేమే. అందుకే నివేదిక రెండు నెలలు ఆపమని ఆమెను అడిగాను. చివరికి అది ఏడాదిన్నర అయింది.

మొదట చేసినవి, ఎందుకు కుదరలేదు

మొదట పేర్లు సరిచేద్దామనుకున్నాం. మూడు పాత పేర్లనూ ఒక్క ఆదేశంతో కొత్త పేరులోకి మార్చేశాం. పని గంటలో అయిపోయింది. మూడో రోజున బీరువాలోంచి ఒక షీట్ తీసి చూస్తే దాని మీదున్న మొక్క జానెడు కూడా లేదు. గుత్తి నుంచి చిన్న కొమ్మలు విడిగా వచ్చాయి, కాడ మీద అడ్డగీతలు దాదాపు లేవు. పైన మాత్రం చక్కని చేతిరాతలో స్కిర్పస్ ఆర్టిక్యులేటస్ అని ఉంది. ఎవరో ఒకరు యాభై ఏళ్ళ కిందట పొరబడితే, ఆ పొరపాటుకు మేం కొత్త పేరు తొడిగి ముద్ర వేశామన్నమాట. పేరు మారడం వేరు, గుర్తింపు తప్పు కావడం వేరు. మొదటిది పుస్తకం చూసి దిద్దొచ్చు, రెండోదానికి మొక్కనే చూడాలి. ఆ మార్పులన్నీ వెనక్కి తీసేశాం.

తరవాత చోట్లను సరిచేసే సాఫ్ట్‌వేర్ వాడాం. లేబుల్ మీది ఊరి పేరిస్తే అక్షాంశ రేఖాంశాలిస్తుంది. దానికి లింగంపల్లి అని ఇచ్చాం. మన దగ్గర లింగంపల్లులు ఎన్నో. కాచిగూడ పక్కన ఒకటుంది, పడమట రైల్వే స్టేషన్ ఉన్నదొకటి, జిల్లాల్లో ఇంకెన్నో ఉన్నాయి. అది ఏదో ఒకటి ఎంచుకుంది. ఎందుకు ఎంచుకుందో దాన్ని అడగలేం. దాని జవాబును రికార్డులో పెడితే రేపు ఇంకొకరు వచ్చి అదే నిజమనుకుంటారు. దాన్నీ ఆపేశాం.

మూడోది, మా గురువుగారిని కలవడం. రిటైరై చాలా ఏళ్ళయింది, ఎనభై దాటాయి. "హుస్సేన్ సాగర్ వెంట అంతా అదేనమ్మా, నడుము లోతు ఉండేది" అన్నారు. వినగానే సంతోషమైంది. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, నడుము లోతున దట్టంగా పెరిగేది ఇది కాదు, జమ్ము. ఇది లోతు తక్కువ నీళ్ళలో, వరిమళ్ళలో, చెరువు అంచున పెరిగే మొక్క. ఆయన జ్ఞాపకంలో నీటి ఒడ్డు పచ్చదనమంతా కలిసి ఒకటైంది. దాన్ని రికార్డుగా రాయడం ఆయనకు మర్యాద కాదనిపించి రాయలేదు. అయితే బయల్దేరబోతుండగా ఆయన ఇంకో మాటన్నారు. "ఫీల్డ్ పుస్తకాలు చూశారా? మ్యూజియం గది అటక మీద రేకుపెట్టెలో ఉండాలి." ఈ కేసు దారికొచ్చింది ఆ పెట్టెతోనే.

షీట్ల ముందు కూర్చోవడం

41 షీట్లనూ ఒకచోట పరిచి రెండు ప్రశ్నలను విడివిడిగా వేసుకున్నాం. ఇది ఏ మొక్క? ఎక్కడిది, ఎప్పటిది? ఒకదాని జవాబు రెండోదానిలోకి పాకకూడదని నియమం పెట్టుకున్నాం. 'ఈ చెరువులో ఉండేది అదేగా' అనుకుని మొక్కకు పేరు పెడితే, ఆ పేరు చూపించి చెరువులో ఆ మొక్క ఉందని చెబుతాం. అలా సాక్ష్యం తన తోకను తనే మింగుతుంది.

మొక్కను గుర్తించడానికి గింజ కావాలి. షీట్‌కు అంటించిన చిన్న కాగితపు పొట్లంలో రాలిన ముక్కలు దాచి ఉంటాయి. వాటిలోంచి ఆవగింజంత గింజ తీసి డిసెక్టింగ్ మైక్రోస్కోప్ కింద పెట్టాం. ఆర్టిక్యులేటా గింజ మూడు పలకలుగా, నల్లగా, దాదాపు నున్నగా ఉంటుంది. దానిలాగే కనిపించి పొరబాటు పుట్టించే ఇంకో తుంగ లేటరిఫ్లోరా. దాని గింజ మీద అడ్డంగా ముడతలు గట్టిగా లేచి ఉంటాయి. ఎండు పూలు విరిగిపోకుండా గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి విప్పాం. కాడ మీది అడ్డగీతలు, గుత్తి ఎత్తు, పై పత్రం పొడవు కూడా కొలిచి రాశాం.

పత్రం కొలిచేటప్పుడే ఒక ఇబ్బంది బయటపడింది. ఈ మొక్క కాగితం కన్నా పొడవు. ఓపికున్న సేకర్త దాన్ని ఆంగ్లాక్షరం ఎన్ ఆకారంలో మడిచి కాగితం మీద మొత్తం పట్టించాడు. తొందరపడిన వాళ్ళు పైనో కిందో కోసేశారు. పైన కోస్తే పత్రం ఎంత పొడవో తెలియదు. కింద కోస్తే గుత్తి కాడ నడిమిలో ఉందా పైన ఉందా చెప్పలేం. కత్తెర ఒక్కసారి పడితే ఎనభై ఏళ్ళ తరవాత మనం అడిగే ప్రశ్నకు జవాబు అక్కడే తెగిపోతుంది. ఇప్పుడు విద్యార్థులకు ప్రెస్ చేయడం నేర్పేటప్పుడు నేను మొదట చూపించేది ఆ కోసిన షీట్లే.

మొత్తం మీద 29 షీట్లు ఆర్టిక్యులేటా అని తేలాయి. 8 లేటరిఫ్లోరా. 4 తేల్చలేకపోయాం. గింజ లేదు, పైభాగం లేదు. వాటికి మనసులో ఒక పేరు తోచినా రాయలేదు. 'గింజ లేదు, నిర్ధారణ కాలేదు' అని స్లిప్ రాసి, తేదీ వేసి అంటించాం. పాత స్లిప్ మీద గీత కూడా పెట్టలేదు. పాత గుర్తింపు తప్పైనా, అప్పుడు ఎవరు ఏమనుకున్నారో చెప్పే చరిత్ర అది.

'హైదరాబాద్' అంటే ఏ హైదరాబాద్?

ఇక చోట్లు. చుక్క మీద పడిన 23 షీట్ల లేబుళ్ళను భూతద్దంతో మళ్ళీ మొదటి నుంచీ చదివాం. డేటాలో దాదాపు అన్నింటికీ ఉన్నది ఒకే మాట, లేబుళ్ళ మీద మాత్రం మూడు రకాలు కనిపించాయి.

తొమ్మిదింటి మీద 'హైదరాబాద్ స్టేట్' అని ఉంది. టైప్ చేసినవాళ్ళు స్టేట్ అనే మాట అనవసరమనుకుని వదిలేశారు. 1956కి ముందు ఆ రాజ్యంలో ఔరంగాబాద్, పర్భణీ, బీదర్, రాయచూర్ అన్నీ కలిసి ఉండేవి. మొత్తం దాదాపు 2 లక్షల 14 వేల చదరపు కిలోమీటర్లు. ఇక్కడి నుంచి ఔరంగాబాద్‌కు తిన్నగా గీత గీస్తేనే 430 కిలోమీటర్ల పైమాట. వీటిలో మూడు లేబుళ్ళ మూలన పెన్సిల్‌తో జిల్లా పేరు కూడా ఉంది. ఒకటి పర్భణీ, ఒకటి రాయచూర్, ఒకటి బీదర్. వాటిని తెచ్చి నాంపల్లి పక్కన కూర్చోబెట్టాం మేము.

పదమూడింటి మీద హైదరాబాద్ తరవాత 'డీఎన్' అని రెండు అక్షరాలున్నాయి. డివిజన్ అనుకుని కొన్నిచోట్ల అలాగే టైప్ చేశారు. అది దక్కన్. సింధు హైదరాబాద్‌తో ఉత్తరాలు కలిసిపోకుండా ఆ రోజుల్లో ఊరి పేరు తరవాత రాసుకున్న గుర్తు. సింధులో పడిన రెండు చుక్కల లేబుళ్ళ మీద కూడా ఇదే గుర్తుంది! అవీ మనవే. అలా ఈ రకం 15 అయ్యాయి.

మిగిలిన ఒక్కటి మా ఊరి చుక్క మీద ఉన్నా మన హైదరాబాద్‌ది కాదు. కాలువ పేరు ఫులేలి అని ఉంది. అది సింధు హైదరాబాద్ పక్కన పారే కాలువ. షీట్ వెనుక వేరే హెర్బేరియంతో ఇచ్చిపుచ్చుకున్నట్టు ముద్ర కూడా ఉంది. పైభాగం లేక పేరు తేల్చలేకపోయిన నాలుగింట్లో ఇదొకటి.

దక్కన్ గుర్తున్న 15 షీట్లకు రేకుపెట్టె పనికొచ్చింది. సేకర్త తను తెచ్చిన ప్రతి మొక్కకూ వరసగా నంబరు వేస్తాడు. లేబుల్ మీద చోటు సరిగా లేకపోయినా నంబరు ఉంటే, అదే రోజు ముందూ వెనకా నంబర్లున్న మొక్కల చోటు చూసి ఆయన ఆ రోజు ఎటు నడిచాడో గీయొచ్చు. లింగంపల్లి షీట్‌కు ముందు నంబరు వేరే కుటుంబం మొక్కది. ఫీల్డ్ పుస్తకంలో దాని చోటు పటాన్‌చెరు అని ఉంది, తేదీ అదే. అంటే పడమటి లింగంపల్లే. ఇంకో షీట్‌కు తేదీ లేదు, చోటు మాత్రం హిమాయత్ సాగర్ దిగువ. 1908 మూసీ వరద తరవాత కట్టిన రెండు జలాశయాల్లో ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. కాబట్టి ఆ షీట్ అంతకు ముందుది కావడం కష్టం. మౌంట్ చేయని ఒకదాన్ని చుట్టిన ఉర్దూ పత్రిక మీద తేదీ దొరికింది. పత్రిక తేదీ మొక్క తేదీ కాదు, కానీ మొక్క అంతకన్నా పాతది అయ్యే అవకాశం తక్కువ. ఈ తేడా గుర్తుంచుకుని 'తరవాత' అనే మాటతోనే రాశాం.

ఒక లేబుల్ మాత్రం నేను మరిచిపోలేను. మొత్తం ఉర్దూలో ఉంది. ఆ రోజుల్లో ఇక్కడ కాలేజీ చదువులు కూడా ఉర్దూలో సాగాయి, అందులో వింత లేదు. మా డేటాలో దాని సంవత్సరం 1942, సేకర్త పేరు ఏ. బల్దా అని ఉంది. పాతబస్తీలో ఉండే ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారుకు చూపించాను. అద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని నెమ్మదిగా చదివారు.

"అమ్మా, యే బల్దా ఆద్మీ కాదు. అత్రాఫ్-ఎ-బల్దా. పట్నం చుట్టూ ఉన్న జిల్లా అన్నట్టు. తారీఖు పన్నెండు దై, తేరా సౌ బయాలీస్. ఫస్లీ ఇది."

నిజాం రాజ్యంలో వాడిన ఫస్లీ కేలండర్‌లో సంవత్సరం అక్టోబర్ మొదటివారంలో ఆజుర్ నెలతో మొదలయ్యేది. రెండో నెల దై. ఫస్లీకి 590 కలిపితే సంవత్సరం మొదట్లోని నెలలకు మన లెక్క వస్తుంది, జనవరి నుంచి 591 కలపాలి. 1342 ఫస్లీ, దై నెల పన్నెండు అంటే 1932 నవంబర్ నడిమి రోజులు. టైప్ చేసినవాళ్ళు 1342 అనే రాశారు. సంవత్సరం అలా ఉండదని పైన చూసినవాళ్ళు 3ని 9 చేశారు. పదేళ్ళ తేడా వచ్చింది, ఒక మనిషి పుట్టాడు, ఒక జిల్లా మాయమైంది. నవంబర్ అయితే గింజ కట్టే కాలం. షీట్ మీద గింజలు నల్లగా నిండుగా ఉన్నాయి. తేదీకి మొక్కే రెండో సాక్షి అయింది.

ఇంత చేశాక 15లో 6 షీట్లు ఫలానా చెరువు దగ్గరివని చెప్పగలిగాం. ఆరింట్లో 4 ఆర్టిక్యులేటా, 2 లేటరిఫ్లోరా. మిగిలిన 9 'హైదరాబాద్ పరిసరాలు' అనే దగ్గర ఆగిపోయాయి. వాటికి చుక్క పెట్టినా, చుట్టూ 25 కిలోమీటర్ల అనిశ్చితి వలయం రాశాం. ఆ పెట్టెలోని పుస్తకాల్లో ఒకరోజులో వెళ్ళొచ్చిన యాత్రలన్నీ దాదాపు ఆ దూరంలోపే ఉన్నాయి కాబట్టి ఆ అంకె ఎంచుకున్నాం. జిల్లా లేని స్టేట్ షీట్లకు మాత్రం చుక్కే తీసేశాం. మ్యాపు మీద ఖాళీగా కనిపించడం కొందరికి నచ్చలేదు. వందల కిలోమీటర్ల వలయానికి నడుమ చుక్క పెడితే చూసేవాళ్ళకు వలయం కనిపించదు, చుక్కే కనిపిస్తుంది. అందుకే ఒప్పుకోలేదు.

'1985 తరవాత లేదు' అంటే

ఈ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఆ విద్యార్థినే ఒక సాయంత్రం అడిగింది. "మేడమ్, చోట్లు తప్పైనా సరే, కొత్త షీట్లు లేకపోవడం నిజమే కదా?"

నిజమే. అప్పుడు ముస్తల బీరువా తెరవమన్నాను. సైపరస్ రొటండస్, మా కాలేజీ పూలకుండీల్లో కూడా మొలిచే కలుపు. 1985 తరవాత మా దగ్గర దాని షీట్లు రెండే ఉన్నాయి. రెండూ ప్రాక్టికల్స్ కోసం కాంపౌండ్ లోపల పీకినవే. ఆమె లెక్క ప్రకారమైతే ముస్తలు కూడా హైదరాబాద్ నుంచి పోవాలి. తుంగ కుటుంబం మొత్తం తీసి చూస్తే అన్నిటిదీ ఇదే కథ. తుంగలను గుర్తించడం కష్టం, బురదలో దిగాలి, గింజ వచ్చేదాకా ఆగాలి. వాటి మీద పనిచేసిన ఒకరిద్దరు రిటైరయ్యాక ఇంకెవరూ దిగలేదు. ఆగిపోయింది సేకరణ. మొక్క సంగతి షీట్లతో తెలియదు, చెరువు దగ్గరికే వెళ్ళాలి.

ఆర్టిక్యులేటా అని తేలిన నాలుగు చోట్లకూ వెళ్ళాం. ఒకటి ఇప్పుడు కాలనీ, కుంట కట్ట ఉన్న చోట రోడ్డుంది. రెండోది గుర్రపు డెక్కతో అంచు నుంచి అంచు దాకా మూసుకుపోయింది. మూడో దానిలో రెండుసార్లు వెతికినా దొరకలేదు. నాలుగోది ఊరికి పడమట ఒక కుంట. ఆగస్టులో వెళితే నీళ్ళు కట్ట దాకా ఉన్నాయి, ఏమీ కనిపించలేదు. గేదెలు మేపుతున్న పెద్దాయన ఒకరు మా ఫొటో చూసి అన్నారు. "గిది ఇప్పుడేడ కనబడ్తది బిడ్డా! నీళ్ళు తీసినంక, గా శిఖంల, మోకాలి లోతు కాడ వొస్తది. తుంగనే గని, ఆకు లేని తుంగ."

మా నోట్‌బుక్‌లో అంత స్పష్టంగా ఏ పుస్తకం నుంచీ రాసుకోలేదు. డిసెంబర్‌లో మళ్ళీ వెళ్ళాం. శిఖం భూమిలో, అంటే నిండినప్పుడు నీళ్ళ కింద ఉండే కుంట లోపలి నేలలో, నీళ్ళు వెనక్కి తగ్గిన చోట, ఆయన చెప్పిన లోతులోనే, గుత్తులు గుత్తులుగా ఉంది. పరిశోధక విద్యార్థిని చెప్పులు గట్టున వదిలి దిగి, ఒక కాడను వేళ్ళతో నొక్కుకుంటూ పైదాకా పోయింది. అడ్డుగోడలు తగిలాయని అక్కడి నుంచే గట్టిగా అరిచింది.

అందువల్ల ఈ మొక్క క్షేమమని కాదు. తెలిసిన నాలుగు చోట్లలో దొరికింది ఒక్కచోటే. తగ్గుతోందన్న ఆమె బాధలో నిజముంది. కానీ 'పోయింది' అని రాసి ఉంటే, ఉన్న ఆ ఒక్క కుంటను ఎవరూ పట్టించుకునేవారు కాదు, నర్సరీ మొక్కలు వచ్చేవి. నివేదికలో నాటడం అనే పేజీ తీసేసి, ఏటా డిసెంబర్‌లో నీళ్ళు తగ్గాక శిఖం భూముల్ని వెతకడం అని ఆమె రాసింది. ఆ కుంట శిఖంలో మట్టి పోయకుండా చూడాలని కూడా చేర్చింది.

మా పద్ధతిలో మారినవి

ఇప్పుడు లేబుల్‌ను అక్షరం వదలకుండా, తప్పులతో సహా, ఉన్నదున్నట్టు ఒక గడిలో రాస్తాం. మా అర్థం వేరే గడిలో ఉంటుంది, పక్కన ఎవరు అలా అనుకున్నారో, ఎందుకో కూడా ఉంటుంది. ఉర్దూ లేబుళ్ళను, ఫస్లీ తేదీలను చదవగలిగినవాళ్ళు చూసేదాకా ఖాళీగా వదిలేస్తాం. తేదీ గడి ఎర్రగా మెరిసినా అంకె మార్చే అధికారం టైప్ చేసేవాళ్ళకు లేదు, నాకూ లేదు. అనిశ్చితి దూరం రాయని చుక్కను బయటికి పంపం. పని నాలుగింతలు నెమ్మదించింది. రోజుకు ఎన్ని షీట్లు ఎక్కించారని అడిగే పై అధికారులకు ఈ కేసు మ్యాపులు రెండూ, పాతదీ కొత్తదీ, పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను.

డిసెంబర్‌లో తెచ్చిన మొక్కను ఆ సాయంత్రమే ప్రెస్‌లో పెట్టాం. వేరు నుంచి పత్రం కొన దాకా ఏదీ కోయకుండా, ఎన్ ఆకారంలో మడిచి పరిచాం. లేబుల్ రాయమని విద్యార్థినికే ఇచ్చాను. కుంట పేరు, మండలం, జీపీఎస్ అంకెలు, ఫోన్ చూపించిన అనిశ్చితి 8 మీటర్లు, నీటి లోతు, గింజ నల్లబడిందన్న మాట అన్నీ రాసింది. స్థానిక నామం గడి దగ్గర ఒక నిమిషం ఆగి, ఆ పెద్దాయన మాటే రాసింది: ఆకు లేని తుంగ.